నిరపాయ నాడీ కణితులు

నిరపాయ నాడీ కణితులు అనగా నాడులను కప్పి ఉంచే తొడుగు కణాల నుండి పుట్టి, నెమ్మదిగా పెరిగే, క్యాన్సర్ స్వభావం లేని గడ్డలు. ఇవి తల నుండి పాదం వరకు నాడి ఉన్న ఏ చోటనైనా ఏర్పడవచ్చు. వీటిలో ముఖ్యమైనవి రెండు: ష్వానోమా, న్యూరోఫైబ్రోమా. చాలామందిలో ఒకే ఒక్క గడ్డ ఏర్పడి ప్రాణానికి ఏ ప్రమాదమూ తలపెట్టదు. అయితే అది పెరిగే చోటును బట్టి వినికిడి, చేతి పట్టు, కాలి కదలిక వంటివి దెబ్బతినే అవకాశం కలదు. కొందరిలో మాత్రం ఇవి వంశపారంపర్యంగా వచ్చే ఒక వ్యాధిలో భాగంగా అనేకం ఏర్పడతాయి. "నిరపాయ" అన్న మాటకు క్యాన్సర్ కాదని మాత్రమే అర్థం. పట్టించుకోనవసరం లేదని కాదు.

పేరు, వాడుక

వాడుక తెలుగులో "నరం" అన్న మాటకు అర్థాలు అనేకం. చేతిపై ఉబ్బి కనిపించే రక్తనాళాన్నీ, మడమ వెనుక బిగుసుకునే స్నాయువునూ, స్పర్శను మోసే నాడినీ జనులు నరమనే అంటారు. అందువలన "నరాల గడ్డ" అని రోగి చెప్పినప్పుడు అది కాలిలో ఉబ్బిన సిర కావచ్చు, మణికట్టుపై నీటితిత్తి కావచ్చు, నిజమైన నాడీ కణితీ కావచ్చు. చర్మం కింద మెత్తగా తగిలే కొవ్వు గడ్డ (లైపోమా) కూడా తరచు ఇదే పేరుతో పిలువబడుతుంది. ఈ వ్యాసంలో "నాడి" అన్న పదం మెదడు, వెన్నుపాముల నుండి వెలువడి సంకేతాలను మోసే తంతువుల కట్ట అన్న అర్థంలోనే వాడబడింది. వైద్యులు మణికట్టు వద్ద పట్టి చూసే నాడి ధమని స్పందన. దానికీ దీనికీ సంబంధం లేదు.

నాడి నిర్మాణం

ఒక నాడిని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అది అనేక సన్నని తీగలను కలిపి చుట్టిన విద్యుత్ కేబులు వలె కనిపిస్తుంది. ఒక్కొక్క నాడీతంతువు చుట్టూ సన్నని లోపొర, తంతువుల గుత్తి చుట్టూ నడిమి పొర, మొత్తం నాడి చుట్టూ బయటి పొర ఉంటాయి. తంతువులను అంటిపెట్టుకొని ఉండి, వాటికి పోషణను, మైలిన్ అనే కొవ్వు తొడుగును సమకూర్చేవి ష్వాన్ కణాలు. వీటిని 1839లో వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు థియొడోర్ ష్వాన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. నాడీ కణితులలో అధికభాగం ఈ కణాల నుండే పుడతాయి. సంకేతాన్ని మోసే తంతువు మాత్రం కణితిగా మారదు. ఈ ఒక్క విషయం తెలిస్తే చికిత్సలోని మెలకువ తేలికగా బోధపడుతుంది: తంతువును కాపాడుతూ తొడుగులోని గడ్డను తీయడమే శస్త్రవైద్యుని పని.

రకాలు

ష్వానోమా: ఇది ష్వాన్ కణాలతో మాత్రమే ఏర్పడే కణితి. దీని చుట్టూ గట్టి పొర ఉంటుంది. నాడి తంతువులు గడ్డ లోపలికి పోక, పక్కకు ఒరిగి గడ్డ ఉపరితలంపై పరచుకొని ఉంటాయి. కనుక పై పొరను పొడవునా చీల్చి, కాయ నుండి గింజను ఒలిచినట్లు గడ్డను బయటకు తీయడం సాధారణంగా సాధ్యపడుతుంది. ఎక్కువగా 20 నుండి 50 ఏళ్ళ వయసువారిలో, తల, మెడ, చేతులు, కాళ్ళలో కనిపిస్తుంది. ఇది క్యాన్సరుగా మారడం అత్యంత అరుదు. సూక్ష్మదర్శినిలో దీని కణాలు బారులు తీరి నిలిచిన తీరును హొసే వెరొకే 1910లో వర్ణించాడు.

న్యూరోఫైబ్రోమా: ఇందులో ష్వాన్ కణాలతో పాటు పీచుకణాలు, మాస్ట్ కణాలు కలగలిసి ఉంటాయి. నాడి తంతువులు గడ్డ మధ్యగా సాగిపోతాయి. అందుచేత పెద్ద నాడిపై ఏర్పడిన దానిని పూర్తిగా తీయబోతే నాడి కూడా తెగే ప్రమాదం ఉన్నది. చర్మంలో ఏర్పడేవి మెత్తగా, వేలితో నొక్కితే లోపలికి పోయినట్లు తగులుతాయి. న్యూరోఫైబ్రోమాలలో పెద్దభాగం ఒంటరిగా, ఏ వంశపారంపర్య వ్యాధీ లేనివారిలో ఏర్పడతాయి.

ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా: నాడి పొడవునా, దాని శాఖలలోనికి వ్యాపించే కణితి ఇది. తడిమితే పురుగుల సంచి తగిలినట్లుంటుందని వైద్య గ్రంథాలు వర్ణిస్తాయి. ఇది పుట్టుకతోనే ఉండి బాల్యంలో వేగంగా పెరగవచ్చు. ఒకటవ రకం న్యూరోఫైబ్రోమటోసిస్‌కు ఇది ప్రత్యేక లక్షణం. కొందరిలో ఇది క్యాన్సరుగా మారే అవకాశం ఉన్నందున జీవితాంతం గమనిస్తూ ఉండాలి.

శ్రవణ నాడీ ష్వానోమా: చెవి నుండి మెదడుకు పోయే ఎనిమిదవ కపాల నాడిపై ఏర్పడుతుంది. శ్రవణ నాడీ కణితి అని పేరు వచ్చినా, ఇది చాలావరకు శరీరపు నిలకడను తెలిపే శాఖపైనే పుడుతుంది. పుర్రెలోపలి కణితులలో సుమారు 8 శాతం ఇవే.

కణితి కానివి: తెగిన నాడి చివర మాను కట్టే ప్రయత్నంలో ముడిపడి గడ్డకట్టడాన్ని గాయపు న్యూరోమా అంటారు, కాలు, చేయి తొలగించిన వారిలో ఇది బాధిస్తుంది. పాదం ముందు భాగంలో వేళ్ళ మధ్య నాడి ఒత్తిడికి మందమై నొప్పి కలిగించేది మోర్టన్ న్యూరోమా. పేరు ఎలా ఉన్నా ఈ రెండూ నిజమైన కణితులు కావు.

కారణాలు

అధికభాగం ష్వానోమాలలో 22వ క్రోమోసోముపై ఉండే ఎన్ఎఫ్2 జన్యువు ఆ ఒక్క కణంలో చెడిపోయి ఉంటుంది. ఈ జన్యువు తయారుచేసే మెర్లిన్ అనే ప్రోటీను కణ విభజనకు కళ్ళెం వంటిది. కళ్ళెం ఊడినప్పుడు కణం అదుపు లేకుండా విభజన చెందుతుంది. ఇటువంటి మార్పు గడ్డలోని కణాలకే పరిమితం గనుక పిల్లలకు సంక్రమించదు.

వంశపారంపర్య వ్యాధులలో పరిస్థితి వేరు. వాటిలో శరీరంలోని ప్రతి కణంలోనూ జన్యులోపం ఉంటుంది.

* ఒకటవ రకం న్యూరోఫైబ్రోమటోసిస్: దీనికి కారణమైన జన్యువు 17వ క్రోమోసోముపై ఉన్నది, 1990లో గుర్తించబడింది. సుమారు 3,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. జర్మన్ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ 1882లో దీనిని వివరించినందున ఆయన పేరుతో కూడా పిలుస్తారు.
* ఎన్ఎఫ్2 సంబంధిత ష్వానోమటోసిస్: పూర్వం రెండవ రకం న్యూరోఫైబ్రోమటోసిస్ అనేవారు; 2022లో పేరు మార్చబడింది. జన్యువును 1993లో గుర్తించారు. రెండు చెవుల వైపునా శ్రవణ నాడీ కణితులు రావడం దీని ముఖ్య లక్షణం. మొదటి రకం కంటే ఇది చాలా అరుదు.
* ఇతర ష్వానోమటోసిస్: 22వ క్రోమోసోముపైనే ఉన్న వేరే జన్యువుల లోపం వలన కలుగుతుంది. తీవ్రమైన నొప్పి దీని ప్రధాన బాధ.

ఈ వ్యాధులు ప్రబల లక్షణంగా సంక్రమిస్తాయి. అనగా తల్లిదండ్రులలో ఒక్కరికి వ్యాధి ఉన్నా ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం రెండింట ఒకటి. ఆడ, మగ భేదం లేదు. ఒకటవ రకం రోగులలో దాదాపు సగం మందికి కుటుంబంలో ఎవరికీ లేకుండానే, కొత్తగా జన్యువులో వచ్చిన మార్పు వలన వ్యాధి కలుగుతుంది.

తెలుగు కుటుంబాలలో బిడ్డకు ఏ పుట్టుక లోపం కనిపించినా మేనరికాన్ని నిందించడం పరిపాటి. మేనరికం వలన పెరిగేవి తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపమున్న జన్యువు చేరితే గాని బయటపడని అంతర్గత లక్షణ వ్యాధులు. న్యూరోఫైబ్రోమటోసిస్ ఆ కోవకు చెందదు. మేనరికం చేసుకున్నందువలన ఇది రాదు. బయటి సంబంధం చేసుకున్నందువలన రాకుండా పోదు. గ్రహణ సమయంలో గర్భిణి చేసిన పనులకూ దీనికీ సంబంధం లేదు. తాకినందువలన, కలిసి భుజించినందువలన ఇది ఒకరి నుండి ఒకరికి అంటదు.

లక్షణాలు

చేతిలోగాని కాలిలోగాని ఉన్న కణితి మొదట నొప్పి లేని గడ్డగా తెలియవస్తుంది. దానిని తట్టినప్పుడు ఆ నాడి పోయే దారి పొడవునా కరెంటు షాక్ కొట్టినట్లు జిల్లుమనడం ముఖ్యమైన గుర్తు. దీనిని టినెల్ చిహ్నమంటారు. మరొక గుర్తు కదలికకు సంబంధించినది: నాడికి కట్టుబడి ఉన్నందున గడ్డ పక్కలకు కదులుతుంది గాని, నాడి పొడవు దిశలో పైకీ కిందికీ కదలదు. కొవ్వు గడ్డ అన్ని వైపులా కదులుతుంది.

శ్రవణ నాడీ కణితిలో మొదట ఒక చెవికే వినికిడి తగ్గుతుంది. ఆ చెవిలో ఎడతెగని హోరు, నడకలో తూలు ఉండవచ్చు. ఫోనును ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకునేవారు రెండవ చెవి మందగించిన సంగతి చాలాకాలం గమనించరు. గులిమి అనో వయసు మీద పడినదనో ఊరుకోవడం వలన కణితి మెదడు కాండాన్ని ఒత్తే దశకు చేరవచ్చు. అప్పుడు ముఖం తిమ్మిరెక్కడం, తలనొప్పి, వాంతులు కనిపిస్తాయి.

వెన్నెముక సందులో పెరిగే కణితి డంబెల్ ఆకారంలో కొంత లోపల, కొంత బయట ఉండి వెన్నుపామును ఒత్తుతుంది. పడుకున్నప్పుడు ఎక్కువయ్యే వెన్నునొప్పి, కాళ్ళు బరువెక్కడం, మూత్రంపై అదుపు తప్పడం దీని సూచనలు.

ఒకటవ రకం న్యూరోఫైబ్రోమటోసిస్‌లో గడ్డల కంటే ముందు చర్మంపై పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఈ క్రింది వాటిలో రెండు ఉంటే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు:

* యుక్తవయస్సుకు ముందు 5 మిల్లీమీటర్లకు, తరువాత 15 మిల్లీమీటర్లకు మించిన కాఫీ రంగు మచ్చలు ఆరు లేదా అంతకెక్కువ
* చంకలలో, గజ్జలలో చిన్న చుక్కల వంటి మచ్చలు
* రెండు లేదా ఎక్కువ న్యూరోఫైబ్రోమాలు, లేదా ఒక ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా
* కంటిలోని రంగుతెరపై లిష్ బొడిపెలు
* దృష్టి నాడిపై కణితి
* కొన్ని ప్రత్యేకమైన ఎముకల లోపాలు
* తల్లి లేదా తండ్రికి ఈ వ్యాధి ఉండటం
* జన్యు పరీక్షలో లోపం బయటపడటం

మొదట 1987లో రూపొందిన ఈ కొలమానాన్ని 2021లో సవరించి జన్యు పరీక్షను చేర్చారు. ఒకటి రెండు మచ్చలు ఆరోగ్యవంతులలోనూ ఉంటాయి గనుక వాటిని చూసి భయపడనవసరం లేదు.

కుష్ఠుతో పొరపాటు

తెలుగు ప్రాంతాలలో నాడి ఉబ్బు కనిపించినప్పుడు తప్పక ఆలోచించవలసిన మరొక వ్యాధి కుష్ఠు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ స్థాపించిన ఆసుపత్రి ఈ వ్యాధి చికిత్సకు పేరుపొందినది. కుష్ఠులో మోచేతి వెనుక, మోకాలి పక్కన, మెడపై పోయే నాడులు తాడు వలె పొడవునా మందమవుతాయి; చర్మంపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చలుంటాయి. నాడీ కణితిలో గుండ్రటి లేదా కోలగా ఉండే గడ్డ ఒకచోట తగులుతుంది. దానిపై చర్మం మామూలుగానే ఉంటుంది. న్యూరోఫైబ్రోమటోసిస్ మచ్చలు గోధుమ రంగులో ఉండి స్పర్శ కలిగి ఉంటాయి.

ఈ తేడా తెలియకపోతే రెండు విధాల నష్టం. ఒళ్ళంతా బొడిపెలున్న మనిషిని కుష్ఠురోగిగా భావించి ఊరివారు దూరం పెట్టడం ఒకటి. నిజంగా కుష్ఠు సోకినవారి నాడిని కణితి అని కోసి చేతిని చచ్చుబడేయడం రెండవది. కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తుంది, పూర్తిగా నయమవుతుంది.

వ్యాధి నిర్ధారణ

వైద్యుడు ముందుగా గడ్డను తడిమి, ఆ నాడి పరిధిలో స్పర్శను, కండరాల బలాన్ని పరీక్షిస్తాడు. అల్ట్రాసౌండ్‌లో గడ్డకు రెండు చివరలా నాడి తోక వలె కలిసి ఉండటం కనిపిస్తుంది. అన్నింటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది ఎంఆర్ఐ. శ్రవణ నాడీ కణితిని అనుమానించినప్పుడు ఆడియోమెట్రీ, తరువాత గాడోలీనియం మందు ఎక్కించి ఎంఆర్ఐ చేస్తారు.

నాడీ కణితి అన్న అనుమానం కలిగినప్పుడు తొందరపడి సూదితో గుచ్చి గాని, ముక్క కోసి గాని పరీక్షకు పంపడం మంచిది కాదు. అది తీవ్రమైన నొప్పిని, కొన్నిసార్లు నాడికి శాశ్వత హానిని కలిగిస్తుంది. క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు నిపుణుల పర్యవేక్షణలో చేస్తారు. ఆ అనుమానాన్ని పరిశీలించుటకు పెట్ స్కాన్ కూడా ఉపకరిస్తుంది.

చికిత్స

గమనిస్తూ ఉండటం: బాధ కలిగించని చిన్న గడ్డను ఏమీ చేయకుండా నియమిత కాలంలో చూపించుకుంటే చాలు. శ్రవణ నాడీ కణితులు సగటున ఏడాదికి 1 నుండి 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. కొన్ని ఏళ్ళ తరబడి పెరగవు. కనుక చిన్నవాటికి మొదట ఆరు నెలలకు, తరువాత సాధారణంగా ఏడాదికొకసారి ఎంఆర్ఐ తీసి పోల్చి చూస్తారు. ఇది వైద్యం చేయకపోవడం కాదు, వైద్యంలో ఒక పద్ధతి. పాత ఫిల్ములను, నివేదికలను భద్రపరచడం రోగి బాధ్యత. పోల్చడానికి అవే ఆధారం.

శస్త్రచికిత్స: నొప్పి, బలహీనత, వెన్నుపాముపై ఒత్తిడి, వేగంగా పెరుగుదల ఉన్నప్పుడు చేస్తారు. సూక్ష్మదర్శిని, నాడి పనితీరును క్షణక్షణం తెలిపే విద్యుత్ పరికరం ఉపయోగించి తంతువులను తప్పిస్తూ గడ్డను తీస్తారు. శస్త్రచికిత్స తరువాత కొంతకాలం తిమ్మిరి ఉండవచ్చు. శ్రవణ నాడీ కణితి శస్త్రచికిత్సలో పక్కనే ఉన్న ముఖనాడిని కాపాడటం ప్రధానం. ఆ నాడి దెబ్బతింటే కన్ను మూతపడక ఎండిపోతుంది. చుక్కల మందుతో, రాత్రివేళ కన్ను మూసి ఉంచే పట్టీతో కాపాడుకోవాలి.

రేడియో సర్జరీ: కోత లేకుండా అనేక దిశల నుండి సన్నని కిరణాలను కణితిపై కేంద్రీకరించే పద్ధతి. స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ రూపొందించిన గామా నైఫ్ 1968లో స్టాక్‌హోమ్‌లో మొదలైనది. సుమారు 3 సెంటీమీటర్ల లోపు శ్రవణ నాడీ కణితులకు ఇది అనుకూలం. దీని ఉద్దేశం కణితిని మాయం చేయడం కాదు, పెరుగుదలను ఆపడం.

మందులు: శస్త్రచికిత్సకు లొంగని ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా ఉన్న పిల్లలకు సెలుమెటినిబ్ అనే మాత్రను 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. 2025లో మిర్డామెటినిబ్‌ను పెద్దలకు, పిల్లలకు కూడా ఆమోదించింది. ఇవి గడ్డను కొంత కుదించి నొప్పిని తగ్గిస్తాయి. ఒంటరి ష్వానోమాను కరిగించే మందు ఏదీ లేదు. పసర్లు, వాతలు, దారంతో బిగించి కట్టడం వంటివి గడ్డను కరిగించవు. వాత వలన, అపరిశుభ్రమైన కోత వలన నాడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

ప్రమాద సూచనలు

ఒకటవ రకం న్యూరోఫైబ్రోమటోసిస్ రోగులలో నూటికి 8 నుండి 13 మందికి జీవితకాలంలో నాడీ తొడుగు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉన్నది. ఈ క్రింది మార్పులలో ఏది కనిపించినా వెంటనే వైద్యుని సంప్రదించాలి:

* నిదానంగా ఉన్న గడ్డ వారాలు, నెలల వ్యవధిలో పెరగడం
* నిద్ర చెడగొట్టే ఎడతెగని నొప్పి
* మెత్తని గడ్డ గట్టిపడటం
* కొత్తగా తిమ్మిరి, బలహీనత, మూత్ర విసర్జనలో ఇబ్బంది

ఈ రోగులకు ఏటా రక్తపోటు కొలవడం, పిల్లలకు కంటి పరీక్ష, వెన్ను వంకర పరీక్ష అవసరం. స్త్రీలలో చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ గనుక 30 ఏళ్ళ నుండి పరీక్షలు చేయించుకోవాలి. గర్భవతులలో చర్మపు గడ్డలు పెరగవచ్చు.

తెలుగు రాష్ట్రాలలో వైద్య సౌకర్యాలు

దక్షిణ భారతదేశంలో నాడీ శస్త్రచికిత్స 1949లో వెల్లూరులో జేకబ్ చాండీతోను, 1950లో మద్రాసులో బి. రామమూర్తితోను ప్రారంభమైనది. తెలుగు నేలపై 1956లో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో ఎస్. బాలపరమేశ్వరరావు ఈ విభాగాన్ని నెలకొల్పాడు. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) ఈ చికిత్సకు ముఖ్య కేంద్రాలు.

జిల్లా అంచులలోని గ్రామాలకు దూరమే ప్రధాన సమస్య. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న రాయికోడ్ మండలం దీనికి ఉదాహరణ. ఇక్కడి రోగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి జహీరాబాదు ఆసుపత్రికి, అక్కడి నుండి సంగారెడ్డికి గాని హైదరాబాదుకు గాని పోవలసి ఉంటుంది. సరిహద్దు ఆవల బీదరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైనది. అయినా నాడి పనితీరును గమనిస్తూ చేసే సూక్ష్మ శస్త్రచికిత్సకు హైదరాబాదే దిక్కు. కూలి మానుకొని నగరానికి పలుమార్లు తిరగవలసి రావడం వలన గ్రామీణులు మధ్యలో మానివేసే ప్రమాదం ఉన్నది. పాత స్కాన్‌లు, చెవి పరీక్ష నివేదిక, రేషన్ కార్డు, ఆధార్ ఒకే సంచిలో పెట్టుకొని వెళ్ళడం వలన కొన్ని ప్రయాణాలు తగ్గుతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం అర్హులైన కుటుంబాలకు అనేక నాడీ శస్త్రచికిత్సల ఖర్చును భరిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకపు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. తమ చికిత్స జాబితాలో ఉన్నదీ లేనిదీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి ముందుగా తెలుసుకోవాలి.

సామాజిక విషయాలు

ఒకటవ రకం న్యూరోఫైబ్రోమటోసిస్ ఉన్న పిల్లలలో సుమారు సగం మందికి చదవడం, లెక్కలు చేయడం, ఏకాగ్రత నిలపడంలో ఇబ్బంది ఉంటుంది. ఇది బుద్ధిమాంద్యం కాదు, సోమరితనమూ కాదు. ముందు వరుసలో కూర్చోబెట్టడం, పరీక్షలో అదనపు సమయం ఇవ్వడం, చిన్న చిన్న భాగాలుగా బోధించడం మేలు చేస్తాయి. ఒక చెవి వినిపించని విద్యార్థిని వినిపించే చెవి ఉపాధ్యాయుని వైపు ఉండేటట్లు కూర్చోబెట్టాలి.

వివాహ సంబంధాల వేళ వ్యాధిని దాచడం తరువాత కలతలకు దారితీస్తుంది. ఒంటరి ష్వానోమా ఉన్నవారికి వివాహానికి గాని సంతానానికి గాని ఏ అడ్డంకీ లేదు. వంశపారంపర్య రకం ఉన్నవారు దంపతులిద్దరూ జన్యు సలహా పొంది సంతానం గురించి నిర్ణయించుకోవచ్చు. హైదరాబాదులో నిమ్స్ వైద్య జన్యు విభాగంలో ఇటువంటి సలహా లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* నాడీ వ్యవస్థ
* కణితి
* క్యాన్సర్
* కుష్ఠు
* జన్యువు
* నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ
* రాయికోడ్ మండలం